పిన్నికి లేని చెట్టు

వీధిలో అందరూ ఆమెను పళ్ళావిడ అంటారు. కొత్తగా ఆ వీధికి వచ్చినవాళ్ళెవరో సంచీ పట్టుకుని తలుపు కొట్టి, "అరటిపళ్ళున్నాయా?" అని అడగడం ఏడాదికి రెండు మూడుసార్లయినా జరుగుతుంది. పాపం, ఆమె చేసేవి నోట్లో పెట్టుకునే పళ్ళే గానీ తినే పళ్ళు కావు. దంతవైద్యులు పంపిన అచ్చుల మీద మైనం పరిచి, ఒక్కో పన్నునూ నిలబెట్టి, చిగుళ్ళ రంగు సరిచూసి కట్టుడుపళ్ళ సెట్లు తయారుచేస్తుంది. ఎదుటిమనిషి నవ్వితే చాలు, ఎడమవైపు మూడోది పెట్టుడుపన్నని ఇట్టే కనిపెట్టేస్తుంది.

అంత నేర్పు ఉన్న మనిషికీ ఒక్క విషయంలో మాత్రం కడుపుమంట. తన పిల్లల నోట్లో రోజంతా నానే మాట 'అమ్మ' కాదు, 'పిన్ని'.

పిన్ని అంటే పరాయి మనిషి కాదు, పళ్ళావిడ సొంత చెల్లెలే. పళ్ళావిడ భర్త ఓడలో మెకానిక్కు, ఏడాదిలో పది నెలలు నీళ్ళ మీదే కాపురం. ఈమె చూస్తే పిల్లలు లేవకముందే బయల్దేరి, వాళ్ళు పడుకున్నాక ఇల్లు చేరుతుంది. ఆదివారాలు ల్యాబులో అర్జంటు పళ్ళ రోజు కాబట్టి అదీ పాయె. అందుకని మూడేళ్ళ కిందట, ఒక ఆఫీసులో ఒంటిపూట టైపు పని చేసుకునే చెల్లెల్ని తానే బతిమాలి ఇంట్లో పెట్టుకుంది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని ఇప్పుడు అనుకుంటోంది.

అనుకుని ఊరుకోలేదు. చెల్లెలి ఆఫీసు పక్కనే ఒక గది చూసింది. ఆదివారం సాయంత్రానికల్లా ఏ సంగతీ చెబుతానని ఆ ఇంటివాడికి మాటిచ్చింది. చెల్లెలితో చెప్పాల్సిన మాటలు కూడా అద్దం ముందు వల్లించుకుంది: "ఎన్నాళ్ళని మా కోసం అరిగిపోతావే, నీ బతుకు నువ్వు చూసుకోవద్దూ?" వినడానికి ఎంత చల్లగా ఉందో చూడండి. లోపలున్నది కుళ్ళని పసిపిల్లకైనా తెలుస్తుంది.

చెప్పేముందు ఒక్క పరీక్ష మిగిలింది. పిన్ని లేకుండా ఒక రోజంతా పిల్లలు తనతో ఉండగలరా? ఉంటే గది ఖాయం. ఆదివారం సెలవు పెట్టి, "ఎక్కడికి వెళ్దాం?" అని అడిగితే పిల్లలిద్దరూ ఒక్క గొంతుతో, "మొక్కల తోటకి!" అన్నారు. దేశదేశాల నుంచి తెచ్చిన చెట్లూ, వాటికోసం కట్టిన గాజు ఇళ్ళూ ఉన్న పెద్ద తోట అది. చెల్లెలు కూడా చెప్పులేసుకుంటుంటే పళ్ళావిడ అంది, "ఇవాళ నువ్వు రెస్టు తీసుకోవే, నేను తీసుకెళ్తాలే." చెల్లెలు ఒక క్షణం అక్క మొహం చూసి చెప్పులు విప్పేసింది.

తీరా వెళితే, గేటు దగ్గర టిక్కెట్లు చింపే ముసలాయన పిల్లల్ని చూసి మొదట అడిగిన మాట, "పిన్ని రాలేదా?"

"నేను వీళ్ళ అమ్మని," అంది పళ్ళావిడ, అవసరమైన దానికన్నా గట్టిగా.

"అలాగా! ఏం చేస్తుంటారమ్మా?"

"పళ్ళు చేస్తాను."

"చెట్లు కదా కాసేది?" అన్నాడాయన, నిజంగానే అర్థంకాక. తొమ్మిదేళ్ళ కూతురూ ఆరేళ్ళ కొడుకూ పొట్టలు పట్టుకుని నవ్వారు. పళ్ళావిడ కూడా నవ్వింది. ఆయన కింది పళ్ళు సరిగ్గా కుదరలేదని మాత్రం మనసులో కసిగా అనుకుంది.

లోపలికి అడుగుపెట్టాక ఆమెకు దారి తెలియదు, పిల్లలకు తెలుసు. ఇలా రమ్మనీ, అక్కడ మెట్టుందనీ, ఆ గాజు తలుపు గట్టిగా తొయ్యాలనీ వాళ్ళే నడిపించారు. చెట్లకు తగిలించిన పలకల మీద నోరు తిరగని పేర్లున్నాయి. వాటిని ఎవరూ చదవలేదు.

"ఇది తాతయ్య," అన్నాడు పిల్లాడు, ఒళ్ళంతా తెల్లటి బొచ్చున్న ముళ్ళమొక్కను చూపించి. నిజమే, దూరాన ఉన్న మామగారికి ఆ గడ్డమే. నీటిమొక్కల గాజు ఇంట్లో కొలను గట్టున పొడుగ్గా, ఒంటరిగా నిలబడి ఆకులూపుతున్న తాటిజాతి చెట్టు నాన్నట. మూత తెరుచుకుని పురుగుల కోసం కాచుకున్న కూజా మొక్క దగ్గర ఆగి పిల్ల గుసగుసగా, "ఇది అత్తయ్య, నోరు మూయదు," అంది. ఆడపడుచుకు అంతకన్నా తగిన మొక్క సృష్టిలో లేదు. పళ్ళావిడ పగలబడి నవ్వబోయి, ఆగి అడిగింది.

"ఈ పేర్లన్నీ ఎవరు పెట్టారు?"

"మేమే. పిన్ని, మేమూ."

ఇన్ని ఆదివారాలు తను ఎవరెవరి దవడలకో పళ్ళు అతికిస్తుంటే, ఇక్కడ ముగ్గురూ కలిసి చుట్టాలందరినీ చెట్లకు అతికించారన్నమాట! పిన్ని అయితే ఇక్కడ ఎత్తుకుని చూపిస్తుంది, పిన్ని అయితే ఈ ఆకు వాసన చూడమంటుంది, పిన్ని అయితే ఉడికించిన గుడ్డు నాలుగు ముక్కలు చేసి ఉప్పు చల్లి ఇస్తుంది. పిన్ని ఇంట్లో కూర్చుని కూడా తోటంతా తిరుగుతోంది. పళ్ళావిడ పిల్లాడి గుడ్డును ఎనిమిది ముక్కలు చేసింది. వాడు ముక్కలు కిందపడుతున్నాయని ఏడుపు మొహం పెట్టాడు. ఒంటికి కారం రాసుకున్నట్టుగా ఉంది ఆమెకు. ఇక ప్రతి చెట్టు దగ్గరా ఒకటే ఎదురుచూపు. పిన్ని చెట్టు ఏది? అదెంత అందంగా ఉండబోతోంది? ఎర్రపూల తీగ కనబడితే గుండె దడ, ఇదేనేమో. తెల్లకలువ కనబడితే దడ, ఇదేనేమో. ఏదీ కాలేదు.

చివరికి పిల్ల చెయ్యి పట్టుకు లాగింది. "రా, నీ చెట్టు చూపిస్తాం."

"నాకూ ఉందా?"

"భలేదానివే, అమ్మకు లేకుండా ఎలా ఉంటుంది!"

తోట చివర ఉంది అది. తల పైకెత్తి చూస్తే మెడ నొప్పెట్టేంత చెట్టు. మొదలు చుట్టూ వేళ్ళు గోడల్లా లేచి, పిల్లాడి కంటే ఎత్తుగా నిలబడ్డాయి. రెండు వేళ్ళ మధ్య ఒక మనిషి ఒదిగి కూర్చునేంత చోటు, అచ్చం ఒడిలా ఉంది. ఎవరో మాటిమాటికీ వీపు ఆనించడం వల్ల అక్కడ బెరడు నున్నబడింది.

"ఇదే అమ్మ," అన్నాడు పిల్లాడు.

పళ్ళావిడకు ఏనుగెక్కినంత సంబరమైంది. తోట మొత్తం మీద పెద్ద చెట్టు తనది! పైగా చూడాల్సినవన్నీ చూసేశారు, పిన్ని పేరున గడ్డిపోచ కూడా లేదు. సాయంత్రం చెప్పబోయే మాట ఇక తేలిగ్గా వచ్చేస్తుందని అనుకుంది. గెలిచినవాళ్ళకు జాలి చవక కదా, ఆమెకు చెల్లెలి మీద ఎక్కడలేని జాలీ పుట్టుకొచ్చింది.

"అదేంట్రా, పాపం పిన్నికి ఒక్కటీ పెట్టలేదే?"

పిల్లాడు వింతగా చూశాడు. "పిన్నికెందుకు? పిన్ని ఉందిగా."

"ఉంటే?"

పెద్దది కాబట్టి కూతురు విడమరిచి చెప్పింది. "మనతో లేనివాళ్ళకే పెడతామమ్మా. నాన్నకీ, తాతయ్యకీ, అత్తయ్యకీ..." అక్కడ ఆగిపోయింది. తానేం అన్నదో తొమ్మిదేళ్ళ పిల్లకు తెలిసిపోయింది. నాలుక కరుచుకుని, గబగబా, "అమ్మకి మాత్రం అన్నిటికంటే పెద్దది పెట్టాలని పిన్నే చెప్పింది," అంది.

పుండు మీద కారం చల్లడమంటే అదీ. ఆ పెద్ద చెట్టు కూడా చెల్లెలు పెట్టిన భిక్షే. పళ్ళావిడకు తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

అమ్మ మొహం చూసి పిల్ల తనకు తోచిన పరిష్కారం చెప్పింది. "ఇవాళ నువ్వొచ్చావుగా, పిన్ని రాలేదు. ఇవాళ్టికి దీన్ని పిన్ని చెట్టు చేసేద్దాం."

పిల్లాడికి అది బాగా నచ్చింది. వెళ్ళి వేళ్ళ మధ్య చోటులో కూర్చున్నాడు. నున్నటి బెరడుకు చెంప ఆనించి, చేతులు అడ్డం పెట్టుకుని గుసగుసలు మొదలెట్టాడు.

"ఏం చేస్తున్నాడే వాడు?"

"బడి సంగతులు చెబుతాడు. ఎవరు కొట్టారో, ఎవరు మాట్లాడటం మానేశారో, అలాంటివి. మాకు కూడా చెప్పడు. ఎప్పుడూ నీకే చెబుతాడు." పిల్ల సర్దుకుంది. "అంటే, చెట్టుకి."

పళ్ళావిడ వెళ్ళి పిల్లాడి ముందు గొంతుకూర్చుంది. "నాన్నా, నేనిక్కడే ఉన్నాను కదా. నాతో చెప్పు."

వాడు చెంప ఎత్తకుండానే చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అలక లేదు.

"నీకు పోయినవారమే చెప్పేశాగా అమ్మా," అన్నాడు. "మర్చిపోయావా?"

ఆమె మర్చిపోలేదని తల ఊపింది. ఇంకేం చెయ్యగలదు? మూడేళ్ళుగా కొడుకు తనకు చెప్పుకున్నవన్నీ వినేసి, ఆ చెట్టు బెల్లంకొట్టిన రాయిలా నిలబడి ఉంది. పొద్దుటి నుంచి చెల్లెలి మీద పడి ఏడ్చిందే, ఆ ఏడుపంతా ఇప్పుడు చెట్టు మీదికి మళ్ళింది. తన పేరు పెట్టుకుని, తన చోట్లో కూర్చుని, తన కొడుకు మాటలన్నీ దాచుకున్న చెట్టు అది. రేపు చెల్లెల్ని గదికి పంపేస్తే, వాడు దీనితో చెప్పుకోవలసినవి ఇంకా పెరుగుతాయి.

లేచి నాలుగడుగులు అవతలికి వెళ్ళి ఇంటివాడికి ఫోన్ చేసింది.

"ఆ గది మాకు వద్దండీ."

"ఏమ్మా, చెల్లెలికి నచ్చలేదా?"

"దానికింకా చెప్పలేదు," అంది పళ్ళావిడ. "చెప్పను కూడా."

తిరిగొచ్చేసరికి పిల్లాడింకా గుసగుసలాడుతూనే ఉన్నాడు. ఆమె చప్పుడు చెయ్యకుండా చెట్టు చుట్టూ తిరిగి, వాడికి కనబడకుండా వేరుకు అవతలివైపు కూర్చుని, దానికి చెవి ఆనించింది. వేరు బాగా మందం. ఒక్క ముక్క కూడా వినబడలేదు.