రెండు ఫైళ్ల కోడలు

కడుపుతో ఉన్న ఆడదానికి ఒక డాక్టరు ఉంటే చాలు. నాకు ఇద్దరుండేవారు. రెండు ఆసుపత్రులు, రెండు ఫైళ్లు, రెండు రంగుల ఐరన్ మాత్రలు. ఒకటి జనగామలో, ఇంకొకటి మహబూబాబాద్‌లో. నడుమ దంతాలపల్లి దగ్గరి ఊళ్లో మా అత్తగారిల్లు. నాకేదో పెద్ద జబ్బు చేసి ఇట్లా తిప్పారనుకునేరు. నాకే జబ్బూ లేదు. జబ్బు మా మామకు. దాని పేరు సర్పంచ్ ఎన్నిక.

మా మామ గోవర్ధన్ ఒకసారి సర్పంచ్‌గా గెలిచాడు, ఆ తర్వాత ఓడాడు, మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో ముత్తయ్య మీద మళ్లీ నిలబడ్డాడు. మనిషి మంచివాడే. ఇంట్లో ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. కానీ ఎదురుగా ఎవరైనా వస్తే మొహం చూడడు, ఆ మొహం వెనక ఎన్ని ఓట్లున్నాయో చూస్తాడు. మా ఊళ్లో సూదిమందు వేసే ఆర్‌ఎంపీలు ఇద్దరు. పడమటి వాడకు ఐలేశ్, తూర్పు వాడకు ధర్మేందర్. జ్వరానికైనా, తేలు కుట్టినా ముందు వాళ్లే దిక్కు కాబట్టి వాడకు వాడ వాళ్ల మాట వింటుంది. నాకు మూడో నెల రాగానే ఐలేశ్ వచ్చి, జనగామలో మనోళ్ల దవాఖాన ఉంది, కోడలిని అక్కడ చూపిద్దామన్నాడు. మామ సరేనన్నాడు. మర్నాడు ధర్మేందర్ వచ్చి మహబూబాబాద్‌లో మనోళ్ల దవాఖాన ఉందన్నాడు. మామ దానికీ సరేనన్నాడు. పాము చావకుండా, కర్ర విరగకుండా అంటారే, అట్లా. ఆ పాముకూ కర్రకూ నడుమ నలిగింది నేను.

అప్పటినుంచి ఒక నెల ఇటు, ఒక నెల అటు. ఐలేశ్‌కు ధర్మేందర్ సంగతి తెలియదు, ధర్మేందర్‌కు ఐలేశ్ సంగతి తెలియదు. తెలియకుండా చూసే పని నాదీ, మా అత్త పద్మలతదీ. జనగామ ఫైలు బియ్యం డ్రమ్ము వెనక ఉండేది, మహబూబాబాద్ ఫైలు దేవుడి గూట్లో ఉండేది. ఎవరొస్తే వాళ్ల ఫైలు బయటికి తీయాలి. ఒకసారి ఐలేశ్ వచ్చినప్పుడు అత్త పొరపాటున దేవుడి గూట్లోది తెచ్చింది. సగం దూరంలో గుర్తొచ్చి, దాన్ని కొంగు కింద దాచుకుని, అట్లాగే నిలబడి అరగంట మాట్లాడింది. కూర్చోవక్కా అని ఐలేశ్ ఎంత బతిమాలినా కూర్చోలేదు.

ఆ రెండు చోట్లా ఒక్క విషయంలోనూ మాట కలవలేదు. ఒకచోట బిడ్డ లావుందన్నారు, ఇంకోచోట బరువు చాలదన్నారు. ఒకచోట ఉమ్మనీరు ఎక్కువ, ఇంకోచోట తక్కువ. కలిసింది ఆపరేషన్ దగ్గర మాత్రమే. మంచి రోజు చూసుకుని రండని ఇద్దరూ చెప్పారు.

నాకు భయం పట్టుకుంది అక్కడే. మా అక్క రిషితకు నొప్పులు మొదలు కాకముందే తేదీ పెట్టి కోసి బిడ్డను తీశారు. అవసరం పడితే కోయాల్సిందే, కాదనను. కానీ అక్కకు ఎందుకు కోశారో ఇప్పటిదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకు కావాల్సింది పెద్ద కోరికేం కాదు. నొప్పులు రానిచ్చి, నన్ను చూసి, కోయాల్సి వస్తే ఎందుకో నాకు చెప్పి కోసే చోటు. మహబూబాబాద్ సర్కారు దవాఖానలో అట్లా చూశారని పక్కింటి కరుణ చెప్పింది. ఆమె కాన్పు అక్కడే అయింది. నా మనసు అక్కడే పడింది.

మెల్లగా మామ చెవిన వేశాను. ఆయనకు అర్థమయ్యే భాషలోనే చెప్పాను. సర్కారు దవాఖాన అయితే ఐలేశ్‌దీ కాదు, ధర్మేందర్‌దీ కాదు, ఎవరికీ కోపం రాదన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, అట్లయితే ఇద్దరికీ కోపం వస్తుందన్నాడు. పైగా సర్పంచ్‌గా నిలబడ్డవాడి కోడలు సర్కారు దవాఖానకు పోతే ఇజ్జత్ ఏముంటుందన్నాడు. తాను సర్పంచ్‌గా ఉన్నప్పుడు, కాన్పులన్నీ సర్కారు దవాఖానలోనే కావాలని ఊరి ఆడవాళ్లను పిలిచి సభ పెట్టింది ఈయనే. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఊరికే అనలేదు.

మొదటి కాన్పు పుట్టింటివాళ్లు చేయాలి. రేగొండ నుంచి మా అమ్మ వచ్చి తీసుకుపోతానంటే, ఎన్నికల ముందు కోడలు ఇంట్లో కనబడకపోతే జనం ఇంకేదో అనుకుంటారని మామ ఆపేశాడు. డాక్టర్లు చెప్పిన తేదీలు ఎట్లాగూ పోలింగ్ తర్వాతే, గెలిచాక చూద్దామన్నాడు. ఆ వారమే గుర్తులు ఇచ్చారు. మామకు వచ్చింది కత్తెర. ఇక చూడండి నా బతుకు. తెల్లారేసరికి ఆటో మా గుమ్మం ముందు ఆగి, మీ ఓటు కత్తెరకే, మరిచిపోకండి కత్తెర అని మైకులో మొదలుపెట్టేది. నేను కడుపు పట్టుకుని, దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకునేదాన్ని.

పోలింగ్ రోజు పొద్దున్నే అత్తా నేనూ బడికి పోయి ఓటు వేశాం. కడుపుతో ఉన్నానని నన్ను వరుసలో నిలబెట్టలేదు. మా ఆయన వివేక్ ఏజెంటుగా బూత్ లోపల కూర్చున్నాడు. మామ మాత్రం ఓటు వేయలేదు. పదకొండు దాటేదాకా వర్జ్యం ఉంది, నిలబడ్డవాడి ఓటు మంచి ఘడియలో పడాలని పంతులు చెప్పాడట. అందుకని కొత్త తెల్ల చొక్కా వేసుకుని, బడికి దూరంగా రోడ్డు మీద నిలబడి, వచ్చేపోయే వాళ్లకు దండాలు పెడుతున్నాడు. కుటుంబం కనబడాలని నన్నూ అత్తనూ పక్కన కుర్చీల్లో కూర్చోబెట్టాడు.

పది దాటాక నడుము పట్టేసినట్టయింది. ప్లాస్టిక్ కుర్చీ వల్లనేమో అనుకున్నాను. మళ్లీ మళ్లీ వచ్చేసరికి కుర్చీది తప్పేం లేదని తెలిసింది. అత్తకు చెప్పాను, అత్త మామకు చెప్పింది, వాళ్లకెవరు చెప్పారో గానీ ఐలేశ్ కారు నాకు ఎడమపక్కన వచ్చి ఆగింది, ధర్మేందర్ కారు కుడిపక్కన ఆగింది. జనగామ ఫైలేదని ఒకరు, మహబూబాబాద్ ఫైలేదని ఒకరు. అన్ని నెలలు దాచిన గుట్టు నడిరోడ్డు మీద పడింది. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తర్వాత ఇద్దరూ కలిసి మామ మొహం చూశారు. ఓటు వేయడానికి వస్తున్న రెండు వాడల జనం అక్కడే ఆగిపోయారు. నేను ఏ కారెక్కితే ఏ వాడ చేజారుతుందో మామ లెక్క కడుతున్నాడు. పెదాలు కదలడం నాకు కనబడుతూనే ఉంది. లెక్క తేలక, నా దగ్గరికి వచ్చి వంగాడు.

"జర ఓపిక పట్టు బిడ్డా. ఒంటిగంటకు పోలింగ్ అయిపోతది."

నాకు ఒళ్లు మండింది. అంత నొప్పిలోనూ మండింది.

"ఓట్లు ఆగుతయేమో మామా, గిది ఆగదు. ఏ దవాఖాన మంచిదని ఊరందర్ని అడిగిన్రు. కనేదాన్ని నేను, నన్నొక్కదాన్ని అడగలే."

ఈలోగా మా అత్త, పెళ్లయినప్పటినుంచి మామను అడగకుండా చీర కూడా కొనని మా అత్త, ఫోన్ తీసి 108కి కొట్టింది. ఆ బండి దగ్గర్లోనే ఉన్నట్టుంది, తొందరగానే వచ్చింది.

అత్త ముందు ఎక్కింది. నన్ను ఎక్కిస్తుంటే మామ తలుపు దగ్గరికి వచ్చి ఇంకేదో చెప్పబోయాడు. అప్పుడే పెద్ద నొప్పి వచ్చింది. చేతికి దొరికింది పట్టుకున్నాను. దొరికింది మామ మణికట్టు. నొప్పి తగ్గేదాకా నేను వదల్లేదు. తగ్గేలోపే ఆయన లోపలికి వచ్చి కూర్చోవాల్సి వచ్చింది, తలుపు పడింది, బండి కదిలింది. కావాలనే పట్టుకుందని తర్వాత ఊళ్లో అన్నారు. అన్నవాళ్లంతా మగవాళ్లే.

ఊరు దాటి పెద్ద రోడ్డెక్కాక డ్రైవర్ బండి ఆపి ఎటు పోవాలని అడిగాడు. ఒకవైపు జనగామ, ఇంకోవైపు మహబూబాబాద్. వెనక రెండు కార్లూ ఆగి హారన్లు కొడుతున్నాయి. అత్తా, డ్రైవరూ, నేనూ మామ వైపు చూశాం. ఆయన అద్దంలోంచి వెనక కార్లను చూశాడు. తన చేతి మీద నా గోళ్లు దిగిన చోట చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు.

"ఏడికి పోదాం బిడ్డా? నువ్వే చెప్పు."

ఇన్ని నెలల్లో ఆ మాట నన్నడగడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. మహబూబాబాద్ సర్కారు దవాఖానకు అన్నాను. మామ అదే మాట డ్రైవర్‌కు గట్టిగా, నిర్ణయం తనదే అన్నట్టు చెప్పాడు. మా బండి అటు తిరగగానే ఐలేశ్ కారు అక్కడే వెనక్కి తిరిగింది. ధర్మేందర్ మాత్రం తానే గెలిచాననుకుని, హారన్ కొట్టుకుంటూ మహబూబాబాద్ దాకా మా వెంట వచ్చాడు. మనోళ్ల దవాఖాన సందు దాటి మా బండి ముందుకు పోయినప్పుడు ఆయన మొహం చూడలేకపోయానని నాకు ఇప్పటికీ బాధే.

అక్కడి డాక్టరమ్మ నన్ను చూసి, బిడ్డ లావూ కాదు, సన్నమూ కాదంది. నొప్పులు బాగానే వస్తున్నాయి, ఆగి చూద్దాం, కోయాల్సి వస్తే ఎందుకో నీకు చెప్పే కోస్తానంది. ఆ మాటకు నా ప్రాణం కుదుటపడింది. బయట బెంచీ మీద కూర్చున్నాక గానీ మామకు వర్జ్యం దాటిపోయిన సంగతి, తన ఓటు మిగిలిపోయిన సంగతి గుర్తుకు రాలేదట. ఇప్పుడు బయల్దేరినా అందుకోవచ్చు, పొమ్మని అత్త చెప్పిందట. ఆయన లేచాడు. మెట్ల దాకా పోయాడు. లోపలినుంచి నా అరుపు విని వెనక్కి వచ్చి మళ్లీ కూర్చున్నాడు. ఇంక లేవలేదు.

మధ్యాహ్నం బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. కోయాల్సిన పని పడలేదు. సాయంత్రం వివేక్ ఫోన్ చేశాడు. ముత్తయ్య ఒక్క ఓటుతో గెలిచాడట. మామ ఓటు పడి ఉంటే ఇద్దరికీ సమానమై చీటీ తీసేవాళ్లట. మామ విని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు, బిడ్డను ఇంకోసారి ఇమ్మన్నాడు. ఊళ్లో మాత్రం నవ్వారు. తన ఓటు తనకే వేసుకోలేనివాడు ఊరికేం చేస్తాడన్నారు. చాలా రోజులు ఆయన బడి వైపు నడవలేదు.

ఇరవై ఒకటో రోజు తొట్టెల వేశాం. కొత్త సర్పంచ్ హోదాలో ముత్తయ్య కూడా వచ్చి, భోంచేసి, మామను పక్కకు పిలిచాడు. ముత్తయ్య కూతురికి ఏడో నెల. ఐలేశ్ జనగామ అంటున్నాడు, ధర్మేందర్ మహబూబాబాద్ అంటున్నాడు, ఎవరిని కాదన్నా తిప్పలే. నువ్వు అన్నీ తిరిగినవాడివి, ఏది మంచిదో చెప్పమన్నాడు. తొట్టె పక్కనే కూర్చుని నేను వింటున్నాను. పాత మామ అయితే గంటసేపు చెప్పేవాడు.

"నీ బిడ్డనడిగినవా?" అన్నాడు మామ.

దాన్నేం అడుగుతాం, దానికేం తెలుసు అని ముత్తయ్య నవ్వాడు. మామ నవ్వలేదు. చొక్కా చెయ్యి పైకి లాగి, మణికట్టు మీద ఇంకా పోని గోళ్ల గాట్లు చూపించాడు.

"అడుగు. నాకంటె ఒక్క ఓటు ఎక్కువొచ్చినోనివి, నాకంటె జర ముందుగాల అడుగు."

ముత్తయ్య వక్క నములుతూ లేచాడు. గేటు దాకా పోయి, అక్కడ ఆగి ఫోన్ తీశాడు. ఏం అడిగాడో నాకు వినబడలేదు. ఒక్క మాట అన్నట్టున్నాడు, ఆ తర్వాత చాలాసేపు వింటూ నిలబడ్డాడు.