వినేవాళ్ల బల్ల

పెద్దమ్మను రెక్క పట్టుకుని వాచ్‌మన్ బయటికి ఈడ్చుకొచ్చినప్పుడు నేను లైబ్రరీ మెట్ల కిందే ఉన్నాను. బస్తాలు దింపి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని అప్పుడే వస్తున్నాను. ఆమె చెప్పు ఒకటి లోపలే ఉండిపోయింది. ఒంటి చెప్పుతో మెట్ల మీద నిలబడి అరుస్తోంది.

"నేనేం దొంగతనం చేశాన్రా?"

"చదవడం వచ్చా నీకు?"

"రాదు."

"మరి లైబ్రరీలో నీకేం పని? బోర్డు పెట్టారు, కనబళ్లేదా?"

తలుపు పక్కన కొత్త బోర్డు ఉంది. రంగు ఇంకా ఆరలేదు. చదవడం వచ్చినవారికే ప్రవేశం, పైకి చదవరాదు అని రాసి ఉంది. నేను చదివి వినిపించాను. పెద్దమ్మ అంత కోపంలోనూ ఫక్కున నవ్వింది.

"చదవడం రానిదాన్ని రావద్దని అక్షరాల్లో రాశారా! ఏం తెలివితేటలురా నాయనా!"

మార్కెట్ యార్డు, లైబ్రరీ ఒకే గోడకి అటూ ఇటూ ఉంటాయి. మేం యార్డులో హమాలీలం. చిరిగిన గోనెసంచులు కుట్టే పెద్దమ్మ ఎవరికీ వరసకి పెద్దమ్మ కాదు, అందరినీ తిట్టే హక్కు మాత్రం ఆమెకుంది. మాలో సగం మందికి అక్షరం ముక్క రాదు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక లైబ్రరీ మూల బల్ల దగ్గర చేరేవాళ్లం. మాతోపాటు బస్తాలు మోసే గొంతు మామ పేపరు పైకి చదివేవాడు. ఆయన గొంతు లారీ హారన్. పేపరయ్యాక నవల చదివేవాడు. నవల్లో అత్త కోడల్ని సాధిస్తుంటే, "దాని నోట్లో మన్నుపడ" అని పెద్దమ్మ శాపనార్థాలు పెట్టేది. చదివేది ఒక్క మనిషి, చదువుకునేది యార్డంతా.

ఒకరోజు పేపర్లో ఓ వార్త వచ్చింది. ఎక్కడో రేవులో హమాలీలు మోయలేని బరువులు కింద పెట్టేశారు. మనిషి వీపు మీద ఎంత బరువు ఎత్తాలో చట్టంలో హద్దుందట. మామ ఆ వార్త రెండుసార్లు చదివాడు. మర్నాడు మేమూ పెద్ద బస్తాలు కింద పెట్టాం. రెండు బస్తాల సరుకు ఒక్క సంచిలో కుక్కించే కాంట్రాక్టరు ఊగిపోయాడు.

"ఎవడ్రా మీకు చట్టాలు నేర్పింది?"

"పేపర్లో వచ్చింది సార్. లైబ్రరీలో విన్నాం."

లైబ్రరీ కమిటీ ఛైర్మన్ కూడా ఆ కాంట్రాక్టరే. బోర్డు ఎందుకొచ్చిందో ఇక వేరే చెప్పాలా?

ఆ సాయంత్రం యార్డు షెడ్డులో మీటింగు పెట్టుకున్నాం. ఉద్యోగాల పరీక్షలకు లైబ్రరీలో కూర్చుని చదివే కుర్రాళ్లు, అమ్మాయిలు కూడా వచ్చారు. మాకు తోడు నిలబడడానికి వచ్చారనుకుంటే, ఆటో డ్రైవర్ కూతురు కళ్లజోడు పిల్ల లేచి కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడింది.

"పెద్దమ్మని ఈడ్చడం తప్పే. కానీ మీ మామ మొదలుపెడితే మాకు ఒక్క ముక్క బుర్రకెక్కదు. మా ఇంట్లో ఒకటే గది, టీవీ, తమ్ముళ్లు, అన్నీ అందులోనే. మాకూ ఇంకో చోటు లేకే కదా వస్తున్నాం."

"అయితే మమ్మల్ని తోసెయ్యడం మంచిదైందంటావా?" అని మావాడొకడు మీదికి లేచాడు.

"అలా అన్నానా?"

"చదువుకున్నోళ్లు ఎప్పుడూ ఇంతే!"

"మేం చదువుకున్నోళ్లం ఏంటి? మా నాన్న ఆటో నడుపుతాడు!"

నువ్వెంత అంటే నువ్వెంత అనే దాకా వచ్చింది. పెద్దమ్మ కుట్టు దబ్బనంతో రేకు మీద టకటకా కొట్టింది.

"మనం ఇలా జుట్లు పట్టుకుంటామనే వాడు ఆ బోర్డు పెట్టింది. పిల్ల చెప్పింది నిజమే. చదువుకునేవాళ్లకి నిశ్శబ్దం కావాలి. మాకు శబ్దం కావాలి. రెండూ ఒక గదిలో కుదరవు. వెనక గది ఏమైంది?"

లైబ్రరీ వెనక గది ఒకప్పుడు చిన్నపిల్లల పుస్తకాలది. చాలాకాలంగా తాళం వేసి ఉంది.

"అందులో కాంట్రాక్టరు బస్తాలున్నాయి. కిటికీలోంచి చూశాను" అంది కళ్లజోడు పిల్ల.

మావాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. మామ గొంతు మొదటిసారి తగ్గింది. "ఔను. మేమే మోసి పెట్టాం."

"ఎత్తి పెట్టినవాళ్లకి దించడం రాదా?" అంది పెద్దమ్మ.

షెడ్డంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుతోనే సగం తగువు తీరిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అందరం కలిసి లోపలికి నడిచాం. వాచ్‌మన్ అడ్డం వచ్చాడు గానీ, అంతమందిని చూసి స్టూలు జరుపుకుని కూర్చున్నాడు. లైబ్రేరియన్ సారు నెమ్మదస్తుడు, పెద్ద పిరికివాడు కూడా. ఆయన మా వైపు చూడకుండా పేపర్లు సర్దుతూ, "తాళంచెవి కాంట్రాక్టరు దగ్గరే ఉంది. గడియ మేకులు మాత్రం వదులుగా ఉన్నాయి. నేను టీకి వెళ్తున్నా" అన్నాడు.

గడియ ఊడింది. మేం బస్తాలు భుజానికెత్తాం. ఒక్కొక్క బస్తాకీ ఇద్దరి చొప్పున మోసి, కాంట్రాక్టరు గోడౌన్ గేటు ముందు వరసగా పేర్చాం. ఒక్క సంచి చిరగనివ్వలేదు. కుర్రాళ్లు దుమ్ము దులిపారు, అమ్మాయిలు నేల కడిగారు. మూల బల్ల మోసుకొచ్చి గది మధ్యలో వేశాం. మామ పేపరు విప్పాడు. రేవు హమాలీల వార్తే మళ్లీ వచ్చింది. వాళ్లింకా పట్టు వదల్లేదట.

రెండు పేరాలు చదివాడో లేదో, పోలీసు వ్యాను వచ్చింది. వెనకే కాంట్రాక్టరు.

"నా సరుకు దొంగిలించారండీ!"

"దొంగిలిస్తే మీ గేటు ముందే పెడతామా?" అన్నాడు మామ. ఆయన్ని చొక్కా పట్టుకుని లాక్కెళ్లి వ్యాన్లో పడేశారు. యార్డులో లారీలు నిలబడి ఉన్నాయి. సరుకు దింపడానికి మాలో ఎవ్వరూ అటు వెళ్లలేదు.

బల్ల మీద పేపరు తెరిచే ఉంది. కళ్లజోడు పిల్ల వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుంది. ఆమె ఎప్పుడూ పెదవి కదపకుండా చదివే మనిషి. గొంతు పీలగా వచ్చింది.

"గట్టిగా, తల్లీ!" అన్నారు వెనకనుంచి.

"ఏయ్ అమ్మాయ్!" ఎస్సై ముందుకొచ్చాడు. "కేసు పడితే ఉద్యోగం రాదు, జీవితాంతం ఏడుస్తావ్. అక్కడ పెట్టు పేపరు."

ఆమె ఆగిపోయింది. ఆమె పోగొట్టుకునేది ఏమిటో మాకు తెలుసు. అందుకే చదవమని మాలో ఎవ్వరం అనలేదు. హాల్లో కుర్చీలు జరిగిన చప్పుడైంది. పరీక్షల పిల్లలు ఒక్కొక్కళ్లే వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. ఆమె కళ్లజోడు పైకి తోసుకుంది.

"లైబ్రరీలో చదవడం ఏ కేసవుతుంది సార్?" అని అడిగి, ఆపిన చోటినుంచి మొదలుపెట్టింది. "గేట్లు మూసినా కదలకుండా" అన్న మాట ఈసారి గేటు దాకా వినపడింది.

ఎస్సై పేపరు లాక్కున్నాడు. అడ్డంగా చింపాడు, నిలువుగా చింపాడు, ముక్కలు నేలకేసి కొట్టాడు. ఆమెనీ వ్యాను వైపు నడిపించారు. మేం వ్యాను ముందు బైఠాయించాం.

గది గుమ్మంలో ఎస్సైకి ఎదురుగా నిలబడ్డ పెద్దమ్మ కిందపడ్డ ముక్కల్ని చూసింది. తర్వాత హాలు గోడల పొడుగునా ఉన్న పుస్తకాల బీరువాల్ని చూసింది.

"చింపు నాయనా, చింపు. ఇది లైబ్రరీ. నీ చేతులు నొప్పెట్టే దాకా ఉన్నాయి."

వెనకనుంచి ఓ కుర్రాడు అదే పేపరు ఇంకో కాపీ తెచ్చి, వ్యాను ముందు మా మధ్యలో నిలబడ్డాడు. చూపుడు వేలితో వార్త వెతుక్కుంటూ, "ఎక్కడ ఆగింది?" అని అడిగాడు.

"గేట్లు మూసినా కదలకుండా, అక్కణ్ణుంచి!" అన్నారు అక్షరం రాని మావాళ్లంతా ఒక్క గొంతుతో.