నీలం పూసిన కాపురం

హైడ్రాంజియా మొక్కకు అబద్ధం చెప్పడం రాదని ఆ వీధివాళ్ళ నమ్మకం. ఆలుమగలు అన్యోన్యంగా ఉండే ఇంట అది గులాబీరంగు పూస్తుందట. లోలోపల కుమ్ములాడుకునే ఇంట నీలం పూస్తుందట. ఒకే తల్లిమొక్క నుంచి కొమ్మలు తెచ్చి నాటుకున్న ఆ వరుస ఇళ్ళన్నింటా గులాబీ గుత్తులు విరగబూసేవి. చిట్టచివరి ఇంట మాత్రం నీలం పూసింది. అనుమానానికి తావివ్వని నిఖార్సయిన నీలం.

ఆ ఇల్లు కొనుక్కుని కొత్తగా వచ్చినావిడ వృత్తి పెళ్ళి సంబంధాలు కుదర్చడం.

మరే వృత్తి అయినా వీధి నవ్వి ఊరుకునేది. ఇప్పుడు సొంత కాపురమే నీలం పూస్తుంటే పరాయి కాపురాలేం నిలబెడుతుందని వీధి గుసగుసలాడింది. దాదాపు ఖాయమైన సంబంధం వదులుకుని ఒక పెళ్ళికొడుకు తల్లి కొడుకు ఫొటో వెనక్కి తీసుకుంది. "ఏమీ అనుకోకమ్మా, మావాడు కొన్నాళ్ళు ఆగుతానంటున్నాడు" అన్నంతసేపూ ఆవిడ చూపు పూలమొక్క మీదే ఉంది.

"పీకి పారేస్తే పోలా?" అన్నాడు భర్త, ముందుగదిలో గడియారం విప్పుకుంటూ. గడియారాలు బాగుచేయడం ఆయన పని.

"పీకితే నిజమని ఒప్పుకున్నట్టే కదండీ."

"పోనీ, పక్కింటివాళ్ళలా మనమూ రోజుకో పళ్ళెం పగలగొడదాం. వాళ్ళకు గులాబీ పూస్తోందిగా."

ఆవిడకు మొదట నవ్వొచ్చింది. తన పొట్ట మీద దెబ్బ పడుతుంటే ఈయనకు పరాచికాలా అని ఆ వెంటనే ఒళ్ళు మండింది. మాటా మాటా పెరిగింది. పెళ్ళయిన నాటి నుంచి ఎరగని పోట్లాట ఆ సాయంత్రం ఒక పువ్వు పుణ్యమా అని జరిగింది. చెరో గదిలో అన్నం తిన్నారు.

అయితే ఆయన మాట మాత్రం ఆవిడ మనసులోంచి పోలేదు. పళ్ళేలు పగిలే చప్పుడు వినబడని మొక్కకు తమ ఇంటి గుట్టు మాత్రం ఎలా వినబడింది? మొక్కకు చెవులు లేవు, వేళ్ళు ఉన్నాయి. అవి వెతికేది కబుర్లను కాదు.

ఆ వారమే పక్కింటాయన బట్టలారేసే తీగకు స్తంభం పాతాలని గొయ్యి తవ్వుతుంటే, మట్టితోపాటు తెల్లటి గడ్డలు బయటపడ్డాయి.

"ఇవేమిటి వదినగారూ?" అంది ఆవిడ గోడ మీదుగా, గోతి పక్కన నిలబడ్డ పక్కింటి ఇల్లాలితో.

"సున్నమమ్మా. మా వరుసంతా ఒకప్పుడు సున్నపు బట్టీ. మీ ఇల్లొక్కటే దాని ప్రహరీకి అవతల. ఇల్లు కొనేటప్పుడు ఈయన గోడల రంగు చూశాడే గాని, కిందేముందో చూడలేదు."

"నిన్ను చూసుకున్నప్పుడూ అంతే చేశాను" అన్నాడాయన గోతిలోంచి.

ఆ క్షణాన ఇల్లాలి చేతిలో పళ్ళెం లేకపోవడం ఆయన అదృష్టం.

"అన్నయ్యగారూ, నాకో బకెట్ మట్టి ఇస్తారా?"

"మట్టికి కూడా కరువేనా మీ ఇంట్లో?" అంటూనే నింపి ఇచ్చాడు.

ఆవిడ తన నీలం మొక్క నుంచే రెండు కొమ్మలు కోసి రెండు కుండీల్లో నాటింది. ఎడమ కుండీలో పక్కింటి మట్టి, కుడి కుండీలో తన పెరటి మట్టి. రెండూ ఒకే కిటికీలో పెట్టి, పట్టి ఉంచిన వాననీళ్ళే రెండింటికీ పోస్తూ వచ్చింది. ఆ ఏడాది దూరపు వీధులవాళ్ళు తప్ప సంబంధాల కోసం గడప తొక్కినవాళ్ళు లేరు. మరుసటి వేసవికి మొగ్గలు తొడిగాయి, రెండు కుండీల్లోనూ ఒకే పాలిపోయిన రంగులో.

"రెండూ నీలమే పూస్తే?" అన్నాడు భర్త మెల్లగా.

"ఒప్పుకుంటాను. తప్పు మనిద్దరిలో ఎవరిదో తర్వాత తేల్చుకుందాం."

ఆయన గడియారంలోకి తల దూర్చాడు.

పువ్వులు విచ్చుకున్న వారానికి, ఆగిపోయిన గోడగడియారం పట్టుకుని ఆ పెళ్ళికొడుకు తల్లే వచ్చింది. కిటికీ దగ్గర నిలబడిపోయింది. ఎడమ కుండీలో గులాబీ గుత్తి, కుడి కుండీలో నీలం గుత్తి.

"ఇదేం విడ్డూరమమ్మా, ఒకే ఇంట్లో రెండు కాపురాలా?"

"కాపురం ఒకటేనండీ, రెండూ చూసింది మమ్మల్నే" అంటూ ఆవిడ వంటింట్లోంచి వెనిగర్ సీసా తెచ్చి, రెండు కుండీల్లోంచీ చెంచాడేసి మట్టి తీసి, రెండింటి మీదా కాస్త పోసింది. కుడి కుండీ మట్టి తడిసి ఊరుకుంది. ఎడమ కుండీ మట్టి బుసబుసమని పొంగింది.

"ఏమిటది?" అంది పెద్దావిడ, గడియారాన్ని గుండెకు హత్తుకుని.

"సున్నం. ఆ కుండీలోది పక్కింటి మట్టి. సున్నమున్న మట్టిలో ఈ మొక్క గులాబీరంగు పూస్తుంది. మా పెరట్లో సున్నం లేదు."