పులుపు నాలుక్కే

హత్సుయో అవ్వ కాళ్ల వాపు తగ్గడం లేదు. ఒంట్లో నీరు లాగే మాత్రలు నెలరోజులుగా మింగుతున్నా, ఒబోన్ పండగ నాట్యానికి వేసుకునే చెక్క చెప్పుల్లో పాదం పట్టనంటోంది. "మీ మాత్రలు శుద్ధ దండగ!" అంటూ డాక్టర్ నరీతా మీద విరుచుకుపడింది.

"ఉప్పు మానేశారా, అవ్వా?"

"సూపు మానేశా, సోయా సాస్ మానేశా. ఇంకేం మానను, ఊపిరా?"

"మరి మాత్ర దేనితో వేసుకుంటున్నారు?"

"ఊరేసిన ఉమె పండుతో. పొద్దున రెండు, సాయంత్రం రెండు. మా అమ్మ కాలం నుంచీ అది మందే కదా!"

డాక్టర్ తల పట్టుకున్నాడు. "ఆ పండు నెలలకొద్దీ ఉప్పులో ఊరుతుంది. మాత్ర నీటిని బయటికి తోస్తుంటే మీ ఉప్పు దాన్ని వెనక్కి లాగుతోంది."

"పుల్లగా ఉండేది ఉప్పెలా అవుతుందయ్యా?"

"పులుపు నాలుక్కే. ఉప్పు ఒంటికి."

అవ్వ ఉక్రోషంగా ఇంటికెళ్లి, ఉమె పండ్ల జాడీ ఎత్తుకొచ్చి ఆయన బల్ల మీద పెట్టేసింది. "అయితే మీరే తినండి!" ఆ రోజు నుంచి మాత్ర వట్టి నీళ్లతోనే వేసుకుంది.

రెండు వారాలకు పండగ వచ్చింది. డప్పు మోగగానే అవ్వ చెక్క చెప్పులు టకటకలాడిస్తూ నాట్యంలోకి దిగింది. పక్కనున్న బెంచీ మీద డాక్టర్ ఒక్కడే బూట్లు విప్పుకుని, ఉబ్బిన పాదాలు పిసుక్కుంటూ కూర్చున్నాడు.

"ఏం నాయనా," అంది అవ్వ అడుగు ఆపకుండానే, "జాడీలో పండ్లు పుల్లగానే ఉన్నాయా?"