మొద్దుబార్చే చుక్కలు

టైలరమ్మ కుడికంటి నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర పలచబడి ఉబ్బుతోందని డాక్టరు దాని పైభాగం గీరి, చికిత్స చేసి, పైన కట్టులా మెత్తటి లెన్సు పెట్టి ఇంటికి పంపాడు. కాస్త నలుసు పడ్డట్టు ఉంటుందన్నాడు, అంతే.

మత్తు దిగేసరికి కంట్లో నిప్పులు పోసినట్టయింది. రాసిచ్చిన మాత్ర ఏ మూలకూ చాల్లేదు. గదిలో లైటు వేసినందుకు మొగుడి మీద అంతెత్తున లేచింది. పాపం, ఆయన చీకట్లోనే తడుముకుంటూ అన్నం తిన్నాడు.

ఆమె అన్నకి మందుల షాపుంది. చెల్లెలి అవస్థ చూడలేక, ఆపరేషనప్పుడు కంటిని మొద్దుబార్చడానికి వేసే చుక్కల సీసా తెచ్చిచ్చాడు. వేయగానే నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. మళ్ళీ వేసుకుంది. ఇక ఆ సీసా చేతిలోంచి వదల్లేదు.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్తే, గీరిన చోట పుండు ఇసుమంతైనా పూడలేదు, చుట్టూ తెల్లగా మసకేసింది. ఏం వేసుకున్నావని అడిగితే దాచకుండా చెప్పింది. డాక్టరు మండిపడ్డాడు. ఆ చుక్కలు నొప్పితోపాటు మానడాన్నీ ఆపేస్తాయని, ఇంకొన్నాళ్ళు వేస్తే కన్నే పోయేదని, బుద్ధుండక్కర్లేదా అని చెడామడా తిట్టాడు.

అంతవరకూ తల దించుకున్న టైలరమ్మ కుర్చీలోంచి లేచింది.

"నలుసన్నారు. రోజూ నా కంట్లో దారం పోగులు పడతాయి, నలుసంటే నాకు తెలీదా? నొప్పి ప్రాణం తీస్తుంది, ఫలానా మందు మాత్రం వేసుకోకు అని చెప్పడానికి మీకు నోరెందుకు రాలేదు?"

"చెబితే భయపడి వద్దంటారని," అన్నాడు డాక్టరు, గొంతు తగ్గించి.

"భయపడేదాన్నే. అయినా చేయించుకునేదాన్ని."

ఈసారి ఆయన లెన్సు మార్చి, గట్టి మాత్రలు రాశాడు. కన్నీళ్ళలాంటి చుక్కలు ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా వేసుకోమన్నాడు. నల్లద్దాలు పెట్టుకుని, కన్ను నలపకుండా పడుకోమన్నాడు. నొప్పి ఎప్పుడు ముదురుతుందో, ఎప్పుడు తగ్గుముఖం పడుతుందో విడమరిచి చెప్పాడు. తెలిశాక పళ్ళబిగువున ఓర్చుకుంది.

అన్న పలకరించడానికొస్తే గుమ్మంలోనే నిలదీసింది. "ప్రేముంటే పక్కన కూర్చో అన్నయ్యా. నీకు తెలియని మందు మాత్రం తేకు." అతను లోపలికొచ్చి పక్కన కూర్చున్నాడు.

కన్ను ఆలస్యంగా మానింది. చిన్న తెల్లమచ్చ మిగిలిపోయింది. ఆఖరిసారి చూసి డాక్టరు ఫరవాలేదంటే, ఆమె లేచి బయటికొచ్చేసింది. అదే చికిత్సకి వచ్చిన ఒకావిడ వరండాలో కనిపించింది. టైలరమ్మ ఆవిడ పక్కన కూర్చుని, "బాగా నొప్పెడుతుందమ్మా. లోపలికెళ్ళగానే ముందు దాని సంగతి అడుగు," అంది.