దిష్టద్దం

గాజు మీద నోటితో ఊదకూడదు. ఊదితే తడి తగులుతుంది, తడికి దుమ్ము అతుక్కుంటుంది. యేసేపు అద్దాన్ని నిలువుగా పట్టుకుని దాని ఇత్తడి రింగును గోటితో రెండుసార్లు తట్టాడు. దూదినూగు రాలింది. ఆ తర్వాత, ఉతికి ఉతికి ఉల్లిపొరలా పలచబడిన మల్లుగుడ్డతో నడిమి నుంచి అంచుకు గుండ్రంగా తుడిచాడు. ఆదోని బస్సుల అడ్డాలో జనం తోసుకుంటున్నారు. పెట్రోలంతా యుద్ధానికి పోయి ఆ ఏడాది బస్సులు బొగ్గుపొగతో నడుస్తున్నాయి. వెనక బిగించిన డ్రమ్ములో క్లీనరు నిప్పు రాజేస్తున్నాడు, డ్రైవరు అరుస్తున్నాడు. యేసేపు చేతులు మాత్రం తొందరపడలేదు.

రూపాయి బిళ్లకంటే కొంచెం పెద్దది ఆ అద్దం. నీళ్లలా తెల్లనిది. కెమెరా కంటికి ముందు మర తిప్పి బిగించేది. బిగించినదాన్ని అలాగే పెట్టెలో పెడితే బస్సు కుదుపులకు చెక్కకు రాసుకుంటుందని, ప్రయాణంలో దాన్ని విప్పి, గుడ్డలో చుట్టి, చొక్కా జేబులో రొమ్ము మీద పెట్టుకునేవాడు. ఎనిమిదేళ్లుగా అదే వాడుక.

నలభై ఆరేళ్ల మనిషి. సన్నగా ఉంటాడు. మూడుకాళ్ల స్టాండు మోసే భుజం కిందికి దిగిపోయింది. ఫోటోలు కడిగే మందునీళ్లకు వేళ్ల కొసలు నల్లబడ్డాయి. నల్లగుడ్డ కింద ఒక కన్ను మూసి చూసి చూసి, ఆ కన్ను మామూలప్పుడు కూడా సగమే తెరుచుకునేది. ఈ పనికి రాకముందు పన్నెండేళ్లు పత్తి జిన్నింగు మిల్లులో చేశాడు. అక్కడి దూదంతా బేళ్లకెక్కి బొంబాయి పోయింది, కొంత మాత్రం యేసేపు రొమ్ములో ఉండిపోయింది. రోజూ దగ్గేవాడు. దగ్గి, తుడుచుకుని, పనిలోకి వంగేవాడు.

పదేళ్ల కిందట చంద్రమౌళి స్టుడియోకు పెట్టెలు మోయడానికి వచ్చాడు. చంద్రమౌళి పత్తి సావుకారి రెండో కొడుకు. సరదాకు స్టుడియో పెట్టాడు, ఏడాదికే సరదా తీరింది. పెట్టెలు మోసేవాడు చూసి చూసి పని పట్టాడు. అప్పటి నుంచి ఫోటో తీసేది, కడిగేది, అచ్చు వేసేది యేసేపు. అట్ట మీద ముద్ర చంద్రమౌళిది. చంద్రమౌళి చెడ్డవాడేం కాదు. పండగకు పంచె ఇచ్చేవాడు, గట్టిగా కసిరేవాడు కూడా కాదు. అయినా యేసేపు తన పెళ్లాం తిమ్మమ్మను ఒక్క ఫోటో తియ్యలేదు. ఫోటో పడే గాజుపలక చంద్రమౌళిది. అడగాలి. రేపడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటుండగానే ఆమె పోయింది.

కెమెరా కన్ను జర్మనీది. ముందద్దం మాత్రం మద్రాసు నుంచి వచ్చిన ఒక అమ్మకందారు అంటగట్టాడు. సూర్యుడిలో కంటికి కనపడని కిరణాలు కొన్ని ఉంటాయని, అవి దూరపు కొండల్ని మసక చేస్తాయని, ఈ అద్దం వాటిని ఆపుతుందని చెప్పాడు. చంద్రమౌళికి కొండలతో పని లేదు. ఆదోనిలో గాలికి కూడా దూది పట్టి ఉంటుంది. దుమ్మూ నూగూ పడి జర్మనీ కన్ను గీసుకుపోకుండా ఉంటే చాలని కొన్నాడు.

ఆ అమ్మకందారు మాటను యేసేపు ఉన్నదున్నట్టే ఊళ్లకు మోశాడు. ఒకసారి హొళగుందలో ఒక ముసలామె ఆ అద్దమెందుకని అడిగితే, కంటికి కానరానిదాన్ని ఆపుతుందవ్వా అన్నాడు. కంటికి కానరాకుండా మనిషిని తినేది ఏది? దిష్టి. ఇంకేముంది! ఫోటో దిగితే ఆయుష్షు తరుగుతుందని గోడచాటుకు పోయే ఆడవాళ్లు వచ్చి కూర్చోసాగారు. నెల తిరక్కముందే దానికి దిష్టద్దమని పేరు పడింది. యేసేపు అవుననలేదు, కాదనలేదు. కాదంటే వాళ్లు లేచిపోతారు. ఊరుకుంటే ఒక తల్లి తన బిడ్డ మొహాన్ని గోడకు తగిలించుకుంటుంది. ఇందులో తప్పెంతో ఎనిమిదేళ్లు ఆలోచించాడు గాని తేల్చుకోలేదు.

ఆ రోజు పని ఎమ్మిగనూరులో. నూలు దొరక్క మగ్గాలు నిలిచిపోయిన కాలం. మగ్గం ఊరుకుంటుంది, కడుపు ఊరుకోదు. బసమ్మ అనే నేతామె కొడుకు జయన్న పట్టాళంలో చేరాడు. మధ్యాహ్నం బస్సుకు ఆదోని వచ్చి రైలెక్కాలి. ఎక్కేలోగా కొడుకు మొహం ఒక్కటి తనకు కావాలని బసమ్మ కబురు పంపింది. దిష్టద్దం మరిచిపోవద్దని ఆ కబురులోనే ఉంది.

నడిమి దారిలో ఎత్తు వచ్చింది. బొగ్గుబస్సు ఎత్తు ఎక్కదు, మనుషులు దిగి ఎక్కించాలి. యేసేపు కెమెరా పెట్టెను ఒక బాలింత పక్కన పెట్టి, జాగ్రత్తమ్మా అని మూడుసార్లు చెప్పి దిగాడు. మసి పట్టిన రేకుకు రొమ్ము ఆనించి అందరితో పాటు తోశాడు. జేబులో చిన్న చప్పుడైంది. పెట్టెను అంత భద్రం చేసినవాడు జేబును మరిచిపోయాడు. మిగతా దారంతా జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు గాని గుడ్డ విప్పి చూడలేదు. ఎమ్మిగనూరులో దిగాక చూశాడు. మూడు ముక్కలు.

బసమ్మ ఇంటి ముందర, వీధిలో బెంచీ వేసి ఉంది. దాని మీద జయన్న మడతలు విప్పని కొత్త చొక్కాతో బిగుసుకుని కూర్చున్నాడు. ఎదురరుగు మీద లక్ష్మప్ప, ఇంకో నలుగురు నేతవాళ్లు. పని లేదు కాబట్టి చూడటమే పని. యేసేపు ఎవరి మొహమూ చూడకుండా స్టాండు నిలబెట్టాడు. వట్టి ఇత్తడి రింగును కెమెరాకు బిగించాడు. ఫోటో తియ్యడానికి నొక్కే రబ్బరు బుడ్డను చేతికందేటట్టు వేలాడదీశాడు. నాలుగడుగుల దూరానికి అందులో అద్దం ఉందో లేదో ఎవరికి తెలుస్తుంది? బసమ్మ దిష్టద్దం పెట్టావా అని అడిగింది. యేసేపు తల ఊపి నల్లగుడ్డ కిందికి దూరాడు.

లోపల జయన్న తలకిందులుగా ఉన్నాడు. అక్కడ ఎవరైనా తలకిందులే. కాని ఈ కుర్రవాడు పోయేది యుద్ధానికి. వాడు తిరిగొచ్చేదాకా ఈ తల్లి అద్దం మీద భారం వేసి రాత్రుళ్లు నిద్రపోతుంది. లేని అద్దం మీద. యేసేపు నల్లగుడ్డ ఎత్తి బయటికి వచ్చాడు.

"అక్కా, అద్దం పగిలిపోయినాది. ఇది వట్టి రింగే."

బసమ్మ వెంటనే కొడుకుకూ కెమెరాకూ మధ్యకు వచ్చి నిలబడింది. ఇంకో అద్దం తేవయ్యా అంది. ఇంకోటి లేదన్నాడు. మధ్యాహ్నం బస్సు దాటితే కొడుకు లేడు. అప్పుడు యేసేపు ఎనిమిదేళ్లుగా చెప్పనిది చెప్పాడు. అద్దం మనుషుల కోసం కాదు, మిషను కోసం. దుమ్ము పడకుండా పెట్టింది. అది ఉన్నా లేకపోయినా ఎవరి ఆయుష్షూ అందులోకి పోదు. మీరనుకున్నారు, నేను కాదనలేదు, తప్పు నాది.

అరుగు మీద లక్ష్మప్ప తొడ చరుచుకున్నాడు. "నా పెండ్లాం దానికి నిమ్మకాయ దిగదీసింది గదప్పా."

అందరూ నవ్వారు. బసమ్మ నవ్వలేదు. తెగిన పోగును వెతికేటట్టు యేసేపు మొహాన్ని చూసింది.

"నువ్వు ఎన్నడన్నా దీని ముందర కూసున్నావా?"

"లేదక్కా."

"అదీ. ఊరినంతా దాని కంటికెదురు పెట్టి నువ్వు గుడ్డ కింద దాంకుంటావు. నీ మాట నిజమైతే పోయి నా కొడుకు పక్కన కూసో. ఆ బుడ్డ ఇట్లియ్యి, నేను నొక్కుతా."

అరుగు మీద నవ్వు ఆగిపోయింది. ఆ వీధిలో యేసేపుకు నీళ్లు దోసిట్లోకి పైనుంచి పోసేవాళ్లు. ఆ బెంచీల మీద ఊరినంతా కూర్చోబెట్టాడు గాని తాను కూర్చోలేదు. ఏసుక్రీస్తును నమ్ముకున్నా వీధి మాత్రం పాతదే. జయన్న పక్కకు జరిగి బెంచీని అరచేత్తో తట్టాడు.

"రాన్నా. పోయినకాడ ఎవరి పక్కన పండుకోవల్లనో యేమో."

యేసేపు రబ్బరు బుడ్డను బసమ్మ చేతిలో పెట్టి, ఎప్పుడు నొక్కాలో చెప్పి, వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నాక చేతులు ఏం చెయ్యాలో తెలియలేదు. వేలమందికి చెప్పినవాడు. చివరికి లక్ష్మప్పే అరుగు మీది నుంచి అందించాడు, చేతులు మోకాళ్ల మీద పెట్టప్పా, గడ్డం ఎత్తు అని. గాలి లేచింది. జర్మనీ కన్ను మీద దుమ్ము పడుతుందేమోనని యేసేపు సగం లేవబోయాడు. జయన్న అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు, ఆ చెయ్యి తియ్యలేదు. దగ్గు గొంతు దాకా వచ్చింది. బిగబట్టాడు. బసమ్మ తడిబట్ట పిండినట్టు రెండు చేతులతో బుడ్డను నొక్కింది.

నొక్కి, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇద్దరూ ఉన్నారు. అప్పుడు నవ్వి, లోపలికి పోయి, రెండు కంచాల్లో జొన్నరొట్టె, ఉల్లికారం తెచ్చింది.

మధ్యాహ్నం బస్సులో ఇద్దరూ పక్కపక్కనే వచ్చారు. ఎత్తు దగ్గర ఇద్దరూ దిగి తోశారు. ఫోటో మా యమ్మకు పోస్టులో పంపొద్దు, నువ్వే పోయి ఇయ్యాలని జయన్న మాట తీసుకున్నాడు. యేసేపు స్టేషను దాకా పోయి రైలెక్కించి వచ్చాడు.

అద్దం సంగతి విని చంద్రమౌళి తల పట్టుకున్నాడు. యుద్ధం తీరేదాకా మళ్లీ దొరకదన్నాడు. కెమెరా కన్నును వెలుతురుకు పట్టి చూసి, గీత లేదని ఊపిరి పీల్చుకున్నాడు. యేసేపు చీకటిగదిలోకి పోయి పలక కడిగాడు. నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా మారిన ఇద్దరు మనుషులు తేలారు. జయన్నను గుర్తుపట్టాడు. రెండోవాణ్ణి చొక్కా మీది బస్సు మసిని బట్టి గుర్తుపట్టాడు. తన భుజం అంత వంగి ఉంటుందని అతనికి తెలియదు.

మర్నాడు ఎండ పదునెక్కాక పలకనూ దాని కింద కాగితాన్నీ చెక్కచట్రంలో బిగించి, స్టుడియో మిద్దె పిట్టగోడ మీద పెట్టాడు. ఎండే అచ్చు వేస్తుంది. రంగు తిరగ్గానే తీసి మందులో ముంచాలి. అందాకా నీడలో కూర్చున్నాడు. దగ్గు వచ్చింది. మళ్లీ రాలేదు. తిండికి దిగకపోయేసరికి చంద్రమౌళి పైకి పోయి చూశాడు.

అద్దం లేకుండా ఫోటో దిగాడు, పోయాడు అని ఎమ్మిగనూరు రెండు రోజుల్లో తేల్చేసింది. నాలుగో రోజు బసమ్మ ఆదోని వచ్చింది. ముందు సమాధుల తోటకు పోయింది, తర్వాత ఫోటో కోసం స్టుడియోకు. అద్దానికీ చావుకూ సంబంధం లేదమ్మా, ఊపిరితిత్తులు చెడిపోయాయని చంద్రమౌళి ఓపికగా చెప్పబోయాడు.

"నా కొడుకు మీదికి వచ్చేదాన్ని ఆయప్ప తన మీదికి తీసుకున్నాడు సామీ. అది నా నమ్మకం, పోనీ," అంది బసమ్మ. "దగ్గంటారా, నేను ఒక్క పూటే విన్నా. మీరు పదేండ్లు విన్నారు గదా."

చంద్రమౌళి లేచి, పలక కోసం గదంతా వెతికి, దొరక్క, మిద్దె ఎక్కాడు. చట్రం గోడ మీదే ఉంది. గాజుపలకకు ఏమీ కాలేదు. కాగితం మాత్రం నాలుగు రోజుల ఎండ తాగి నల్లటి నలుపు తిరిగింది. దాన్ని తీసి పక్కన పెట్టి, పైన ఒక రాయి ఉంచి, అలవాటు లేని చేతులతో కొత్త కాగితం బిగించాడు. బసమ్మ పైకి వచ్చి, అచ్చు పడేదాకా ఎండలోనే నిలబడింది. మందులో ముంచి, కడిగి, ఆరబెట్టి ఇస్తే కొంగులో చుట్టుకుని, అదే బస్సుకు పోయింది. అట్ట మీద ముద్ర వెయ్యడానికి చంద్రమౌళికి చెయ్యి రాలేదు.

మిద్దె మీద, రాయి కింద, ఆ నల్లకాగితం అంచు ఒకటి గాలికి లేస్తూ, పడుతూ ఉంది.