నంబరు లేని జబ్బు

ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ పడమటి చివర, కరూలా అనే పశువుల ఎస్టేటులో నెవిల్ అనే మనిషి ఉండేవాడు. పక్కింటికి నూట పది కిలోమీటర్లు. ఉప్పు చేబదులు తేవడానికి వెళ్ళినవాడు తిరిగొచ్చేసరికి పొయ్యి మీది కూర చద్దిదైపోయేది. ఎండాకాలం బట్టలు ఆరేస్తూ తాడు ఆ చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగేసరికి, మొదటి చొక్కా ఎండిపోయి, వచ్చి మడతపెట్టమని చెయ్యి ఊపేది. నెవిల్ ఆ ఎండకన్నా పొడి మనిషి. ఒకసారి ఎద్దు పాదం తొక్కితే, అది తీరిగ్గా దిగేదాకా నిలబడి, టైమెంతయిందని అడిగాడట.

అలాంటివాడు పంతొమ్మిదేళ్ళుగా నమ్మింది ఒక్కదాన్నే. వంటింటి పక్క గదిలో ఉన్న మందుల పెట్టెను. ఆ చుట్టుపక్కల ప్రతి ఎస్టేటులోనూ అలాంటి పెట్టె ఒకటి ఉంటుంది. అందులో ప్రతి మందుకీ ఒక నంబరు. ఒంట్లో బాగాలేదని విమానంలో ఊళ్ళు తిరిగే డాక్టరుకి ఫోన్ చేస్తే, ఫలానా నంబరు రోజుకి రెండు వెయ్యండి అంటారు. మందు పేరుతో పనే లేదు. నెవిల్ ఇంట్లో అయితే జబ్బుల్ని కూడా ఆ నంబర్లతోనే పిలిచేవాళ్ళు. "అమ్మకి ఎనభై రెండు పట్టుకుంది" అంటే గొంతు నొప్పన్నమాట.

పొరపాటంతా అక్కడే జరిగింది.

కూతురు బ్రిడీకి పదిహేనేళ్ళు. దూరంగా పట్నంలో హాస్టల్లో ఉండి చదువుతోంది. సెలవులకి ఇంటికొచ్చిన రెండో రోజు, టీ తాగుతూ తాగుతూ గుండె పట్టుకుంది. ఊపిరి అందలేదు. వేళ్ళు కొంకర్లు పోయాయి.

"చచ్చిపోతున్నా నాన్నా" అంది.

నెవిల్ ఫోన్ చేశాడు. డాక్టరమ్మ నాడి లెక్కపెట్టించింది, ఇరవై ప్రశ్నలు వేసింది, ఇదివరకు బడివాళ్ళు తీయించి పంపిన గుండె పరీక్ష కాగితాలు తన దగ్గరుంటే తీసి చూసింది.

"గుండె బాగుంది నెవిల్. ఇది ప్యానిక్ అటాక్. పెట్టెలోంచి ఏమీ ఇవ్వక్కర్లేదు."

"నంబరు చెప్పండి, రాసుకుంటా."

"దీనికి నంబరు లేదు."

స్పీకర్లో ఆ మాట బ్రిడీ వింది. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల. నంబరు లేదంటే జబ్బు లేనట్టు. జబ్బు లేదంటే తను వేషాలు వేస్తున్నట్టు. ఆ మాట ఎవరూ అనలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు.

ఆ రోజు నుంచి ఆమెకి మళ్ళీ రాలేదు. వచ్చినట్టు ఎవరూ చూడలేదు. తినమంటే తినేది. ఎవరైనా నవ్వితే నవ్వేది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

"పిల్ల కుదుటపడింది" అన్నాడు నెవిల్.

"కుదుటపడటం కాదు, మొద్దుబారిపోయింది" అంది అతని భార్య లోర్నా. "ఇంట్లో ఒక దుంగ ఉంది చాలదా? రెండోది మొలకెత్తింది."

గురువారం ఉత్తరాలు తెచ్చే మెయిల్ విమానం వస్తుంది. బ్రిడీ అందులో వెళ్ళకపోతే పరీక్ష పోతుంది, పరీక్షతో పాటు ఏడాది చదువూ పోతుంది. అది అందరికీ తెలుసు.

సోమవారం పొద్దున తాడు కోసం మాంసం వేలాడదీసే గది వెనక్కి వెళ్ళాడు నెవిల్. అక్కడ రెండు డ్రమ్ముల మధ్య బ్రిడీ ముడుచుకుని కూర్చునుంది. చప్పుడు బయటికి రాకుండా టోపీ అంచు నోట్లో కుక్కుకుంది. ఒళ్ళంతా వణుకుతోంది.

అతనికేం చెయ్యాలో తెలీలేదు. నిలబడ్డాడు. కాసేపటికి అదే తగ్గింది.

"ఇది ఎన్నోది?"

"పదకొండో, పన్నెండో."

"చెప్పలేదేం?"

"దేనికి? నంబరు లేదుగా."

ఏడవలేదు. కోపంగా కూడా లేదు. ఎవరివో చేతులు చూస్తున్నట్టు తన చేతులు చూసుకుంటూ చెప్పింది. నెవిల్‌కి లోపల ఏదో అవ్వాలి. ఏమీ అవ్వలేదు. ఇంట్లోకి వెళ్ళి ఫోన్ తీశాడు.

"డాక్టరమ్మా, నంబరు లేకపోతే జబ్బు లేనట్టేనా?"

"అలా అనుకున్నారా?"

"పిల్ల అనుకుంది." కాస్త ఆగాడు. "నేనూ అనుకున్నాననుకుంటా."

"నేనే విడమరిచి చెప్పాల్సింది. నంబర్లు లేనివే ఎక్కువ నెవిల్. పెన్సిలుందా?"

ఉంది. రాసుకున్నాడు.

"అది నిజంగానే వస్తుంది. ప్రాణం తియ్యదు. కొన్ని నిమిషాల్లో ముదిరి, తర్వాత దానంతటదే దిగుతుంది. 'ధైర్యంగా ఉండు', 'ఏం లేదులే' అనకండి. పక్కన కూర్చోండి. ఊపిరి పీల్చేదానికన్నా వదిలేది నెమ్మదిగా ఉండాలి. కంటికి ఏం కనబడితే అది చెప్పించండి. ఇంకోటి. అది వచ్చిన చోటి నుంచి పిల్లని లాక్కుని పారిపోకండి. పారిపోతే రేపు ఆ చోటంటేనే భయం పట్టుకుంటుంది."

"బెదిరిన గుర్రానికీ అంతే."

"అయితే సగం మీకొచ్చు. మిగతా సగానికి, వారానికోసారి ఫోన్లో మాట్లాడే మనిషిని కుదురుస్తా. పిల్ల ఒప్పుకుంటే బడికీ చెబుదాం."

నెవిల్ వెళ్ళి బ్రిడీకి చెప్పాడు. "జబ్బేనట. నాదే పొరపాటు."

"సరే" అంది బ్రిడీ.

గురువారం మట్టి రన్‌వే పక్కన, గాలి వాటం చూపే సంచి దగ్గర బండి ఆపాడు. ఆకాశంలో ఈగంత విమానం కనబడింది. బ్రిడీ చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది.

"నాన్నా, ఇంటికి. ఇంటికెళ్దాం."

నెవిల్ తాళంచెవి తిప్పబోయాడు. తిప్పలేదు. ఊడదీసి జేబులో వేసుకున్నాడు. పిల్లని దింపి, బండి నీడలో దుమ్ములో కూర్చోబెట్టి, తనూ కూర్చున్నాడు.

"వదులు. మెల్లిగా. ఇంకా వదులు. ఏం కనబడుతోంది?"

"ఏమీ… ఏమీ లేదు."

"నాకో ఆవు కనబడుతోంది."

"అది డ్రమ్ము."

"పక్కన?"

"గాలి సంచి."

"ఏం రంగు?"

"రంగు… పోయింది."

"ఇంకా?"

"నీ చెవిలో వెంట్రుకలు."

"ఎన్ని?"

విమానం దిగింది. పైలట్ కిట్ అనే కుర్రాడు మెయిల్ సంచి భుజానేసుకుని వచ్చి, దుమ్ములో కూర్చున్న ఇద్దర్నీ చూశాడు.

"ఏంటి బాసూ, పిక్నిక్కా?"

"పది నిమిషాలాగు."

"ఆ ఫ్లాస్కు ఇటిస్తే పదిహేను ఆగుతా."

కిట్ రెక్క కింద కూర్చుని టీ తాగాడు. అటు చూడలేదు. వణుకు మోకాళ్ళ నుంచి దిగి, పాదాల్లో కాసేపు ఆడి, ఆగిపోయింది. బ్రిడీ మొహంలో ఏమీ లేదు.

"ఎలా ఉంది?"

"ఏం లేదు. లోపలంతా కడిగి బోర్లించినట్టుంది. అక్కడ మళ్ళీ వస్తే?"

"వస్తుంది."

"నువ్వుండవుగా."

"ఉండను." నెవిల్ జేబులోంచి తాళంచెవి తీశాడు. "దాక్కోకు. ఎవరో ఒకరికి చెప్పు. వెళ్ళాలా వద్దా అనేది నువ్వే చెప్పు. వద్దంటే బండి తిప్పుతా."

బ్రిడీ లేచి, వెనకాల అంటిన దుమ్ము దులుపుకుని, కిట్ దగ్గరికి నడిచింది.

"నాకు దారిలో ఊపిరాడనట్టు అవ్వొచ్చు. చచ్చిపోయేలా కనిపిస్తాను. చావను. నువ్వు కంగారుపడకు. కింద ఏం కనబడుతోందో అడుగుతూ ఉండు, చాలు."

"ఓస్, అంతేనా. దిగేటప్పుడల్లా నాకూ అలాగే ఉంటుంది. ముందు సీట్లో కూర్చో, ఒకరినొకరం అడుగుతూ పోదాం."

తలుపు మూసుకుంది. విమానం లేపిన దుమ్ము అరగంటదాకా దిగలేదు. అది దిగేదాకా నెవిల్ అక్కడే ఉన్నాడు.

ఇంటికెళ్ళేసరికి లోర్నా గుమ్మంలోనే ఉంది.

"ఎక్కిందా?"

"ఎక్కింది."

"నువ్వెలా ఉన్నావ్?"

కుర్చీలో కూర్చుని టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని కాసేపు చూశాడు.

"తెలీదు."

"తెలిశాక చెప్పు" అని లోర్నా టీ పోసింది.